కట్ చెప్పేవాళ్ళు లేని చోట

అప్పట్లో జూబ్లీహిల్స్‌లో ఇళ్ళకన్నా బండలే ఎక్కువ. ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా ముందు బండ పేల్చాల్సిందే. షేక్‌పేట మనిషి ఒకడు ఎర్రజెండా పట్టుకుని, ఈల ఊదుకుంటూ వీధంతా తిరిగేవాడు. "అమ్మా, జర లోపలికి పోండ్రి, పేలుస్తున్నం!" అని అరిచేవాడు. మేం తలుపులేసుకునేవాళ్ళం. ఢామ్మనేది. మళ్ళీ తలుపు తీసి బట్టలారేసుకునేవాళ్ళం. ఫిల్మ్‌నగర్‌లో మా అద్దెవాటాకి పగుళ్ళు లేని కిటికీ అద్దం ఉండేది కాదు. పేలుడంటే మాకంత అలుసు.

మా ఆయన సినిమా కెమెరామన్. మద్రాసులో ఏళ్ళ తరబడి పనిచేశారు. పరిశ్రమ ఇటు కదిలినప్పుడు మేమూ మూటాముల్లె సర్దుకుని వచ్చేశాం. ఇక్కడ పని అంతంతమాత్రం. ఆయనకి తమిళం మాత్రం మద్రాసువాళ్ళే పోల్చుకోలేనంత బాగా వచ్చు. ఆ తమిళమే మా కొంప మీదికి తెచ్చింది.

శ్రీలంకలో యుద్ధం జరుగుతున్న రోజులవి. ఒక విదేశీ టీవీ విలేకరికి తమిళం వచ్చిన కెమెరామన్ కావాల్సొచ్చింది. ఎవరో ఈయన పేరు చెప్పారు. నాకు తెలిసేటప్పటికే పెట్టె సర్దేసుకున్నారు. "యుద్ధానికి మీరెందుకండీ?" అన్నాను. "చెయ్యడానికి కాదే, తియ్యడానికి" అన్నారు. తూటాకి ఆ తేడా ఎవరు చెబుతారో నాకు అర్థం కాలేదు. విలేకరికి వాళ్ళ కంపెనీ తూటాలు దిగని చొక్కా, ఇనప టోపీ ఇచ్చిందట. మా ఆయనకి నేను జబ్బకి కట్టిన తాయెత్తు.

సినిమా కెమెరామన్లకి ఒక అలవాటుంటుంది. డైరెక్టరు "కట్" అనేదాకా కెమెరా నుంచి కన్ను తియ్యరు. ఎదర బాంబు పేలనీ, గుర్రం మీదికి రానీ. మా ఆయన ఆ విషయంలో మరీ మొండి. ఒక షూటింగులో నిప్పురవ్వ పడి చొక్కా కాలుతున్నా కదల్లేదని నిర్మాత అందరి ముందూ శాలువా కప్పాడు. చొక్కాకి చిల్లు, ఒంటికి బొబ్బ, పైన శాలువా!

ఆ బుద్ధే అక్కడికీ పట్టుకెళ్ళారు. ఒక ఊరి బయట ఫిరంగి షెల్ వచ్చి పడింది. విలేకరి అలాంటివి ఎన్నో చూసినవాడు, ఠక్కున బోర్లా పడుకుని ఈయన్నీ పడుకోమని అరిచాడు. ఈయన నిలబడే ఉన్నారు. సినిమాలో బాంబు ఒక్కసారే పేలుతుంది, తరవాత పొగ పోయేదాకా షాటు పట్టుకోవాలి. ఇక్కడ రెండోది కూడా వస్తుందని తట్టనే లేదు. విలేకరి లేచొచ్చి ఈయన్ని కిందికి లాగబోయాడు. అంతలో రెండోది పడింది. ఈయనకి గీత కూడా పడలేదు. అతనికి మోకాలి కింద కాలు పోయింది. తిరిగొచ్చాక ఇదంతా ఒక్కసారే చెప్పారు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరవాత బండ పేలినప్పుడల్లా ఎక్కడున్నవారు అక్కడే నిలబడిపోయేవారు. ఎడమకన్ను మూసుకుని, కుడికన్ను తెరుచుకుని, కొయ్యబారిపోయేవారు. చేతిలో కాఫీ పాదాల మీద ఒలికిపోతున్నా తెలిసేది కాదు. మొదటిసారి నేను కుదిపాను, ఏడ్చాను, మొక్కాను. చివరికి ఏం తోచక "కట్!" అని అరిచాను. భుజాలు దిగాయి, మూసిన కన్ను తెరుచుకుంది. "ఏమే, కాఫీ ఏదీ?" అన్నారు.

ఇంక ఈల వినబడితే చాలు, పొయ్యి మీదది వదిలేసి పరుగెత్తేదాన్ని. జెండా మనిషికీ తెలిసిపోయింది. "సారు ఇంట్ల ఉన్నడా అమ్మా? మీరు ముంగల ఆయన తాన పోండ్రి, నేను జర ఆగుత" అనేవాడు. సినిమాలు కూడా ఆగిపోయాయి. ఫైటు సీనులో నిలబడిపోయే కెమెరామన్ ఎవరిక్కావాలి?

ఒకరోజు పొద్దున్నే ఆ విలేకరే టాక్సీలో దిగాడు. కొయ్యకాలు, చేతికర్ర. మా ఆయన్ని తీసుకెళ్ళిందీ అతనే, బతికించిందీ అతనే. తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియక ఉప్మా పెట్టాను. తింటూ చల్లగా చెప్పాడు, ఇంకో దేశంలో ఇంకో యుద్ధం, మళ్ళీ వెళ్తున్నాడట. కాలు కొత్తదైనా కెమెరామన్ పాతవాడే కావాలట. నాకు వచ్చిన ఇంగ్లీషుకి ఆ ముక్క అర్థమైంది.

"ససేమిరా! ఈ మాట అతనికి ఇంగ్లీషులో చెప్పండి" అన్నాను.

మా ఆయన తలొంచుకున్నారు. "చెప్పడం ఎందుకే? నా వల్ల కాదని నీకు తెలుసుగా" అన్నారు.

హమ్మయ్య అనిపించింది. ఎందుకు దాచాలి, ఆ జబ్బు ఉన్నన్నాళ్ళూ మనిషి గడప దాటడని నాకు ధైర్యం. నయం కావాలని మొక్కుకుంటూనే, వద్దు తల్లీ అనీ అనుకున్న రోజులున్నాయి.

ఆ మాటల్లో ఈల వినబడలేదు. ఢామ్మంది. విలేకరి కుర్చీలోంచి నేలమీదికి పడిపోయాడు, ఉప్మా గది నిండా చిందింది. నేను "కట్" అనబోయి మా ఆయన వైపు తిరిగాను. ఆయన నిలబడి లేరు. విలేకరి మీద బోర్లా పడి, రెండు చేతులతో అతని తల కప్పేసి ఉన్నారు. "ఉండు, రెండోది" అంటున్నారు, తెలుగులోనే.

రెండోది రాలేదు. సున్నం రాలడం ఆగాక మా ఆయన లేచి అతనికి చెయ్యిచ్చారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. ఆ ఇంట్లో ఆయన నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

చొక్కాకంటిన ఉప్మా దులుపుకుంటూ, ఎప్పుడు బయల్దేరాలని మా ఆయన అడిగారు.

"కట్" అన్నాను. గట్టిగానే అన్నాను. ఇద్దరూ వినిపించుకోలేదు.