రూట్ వద్దన్న సార్

మా కంప్యూటర్ సార్ పోయారని మొన్న శ్రీనివాసపురం మామిడి మండీలో పనిలో ఉండగా ఫోన్ వచ్చింది. ఆ మండీలో నాకు ఉద్యోగం మిగిలిందే ఆయన వల్ల.

బంగారు గనులు మూతపడక ముందు సార్ కేజీఎఫ్‌లో గుమాస్తా. గనిలోకి దిగే మనుషులకు ఎవరి నంబరున్న ఇత్తడి బిళ్ళ వాళ్ళకు అందించే పని. ఒకరి బిళ్ళ మీద ఇంకొకరు దిగితే, ఏదైనా జరిగినప్పుడు లోపల ఎవరున్నారో తెలియదు. తర్వాత ఇంటి ముందు గదిలో మాకు లైనక్స్ నేర్పేటప్పుడూ అదే పట్టు. "మెయిల్ సర్వర్‌కి దాని యూజర్ దానికి ఉండాది. అన్నీ తెరిచే రూట్ ఖాతా దానికెందుకమ్మా?" అనేవారు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు క్లాసంతా గోడ వైపు తిరగాల్సిందే. కాఫీ తెచ్చిన ఆయన భార్య కూడా గ్లాసులతో సహా తిరిగి నిలబడేది. మాకు నవ్వాగేది కాదు.

అంత నియమం ఉన్న మనిషే ఒకసారి తొందరపడ్డారు. మండీకి మెయిల్ సర్వర్ పెట్టింది ఆయన, చూసుకునేది నేను. మంచి సీజన్లో ఒక సాయంత్రం మెయిల్ ఆగిపోయింది. వచ్చి చూశారు. బస్సుకు టైమైపోతోందని సర్వర్‌ను రూట్‌తోనే నడిపించి వెళ్ళిపోయారు. మెయిల్ కదిలింది. పొద్దున మళ్ళీ దాని యూజర్‌తో మామూలుగా మొదలుపెడితే మొండికేసింది. రాత్రి పుట్టిన ఫైళ్ళన్నీ రూట్ పేరు మీద ఉన్నాయి. సర్వర్ తన ఫైళ్ళు తానే తెరవలేక, అనుమతి లేదంటూ ఆగిపోతోంది. కొనేవాళ్ళ ఆర్డర్లన్నీ మెయిల్లోనే వస్తాయి. కోసిన కాయ ఆగదు కదా.

"నీకు చేత కాకుంటే చెప్పు, ఇంగొకర్ని పెట్టుకుంటాం" అన్నాడు ఓనర్. ఆయన కొడుకు, ఫైళ్ళన్నీ అందరికీ తెరిచేయమన్నాడు. నేను సార్‌కు ఫోన్ చేశాను.

సార్ వచ్చీ రాగానే కూర్చోకుండా ఓనర్ ముందుకు వెళ్ళారు. "తప్పు నాది సామీ. నిన్న రూట్‌తో నడిపింది నేను. ఈ పాప ముట్టుకోనే లేదు."

తర్వాత ఒక్కొక్క ఫోల్డర్ చూసి, అవసరమైన వాటిని మాత్రం మెయిల్ యూజర్ పేరుకు మార్చారు. కొడుకు మళ్ళీ ఏదో అనబోతే, "అందరికీ తెరిస్తే ఇంగ తలుపెందుకప్పా?" అన్నారు. మధ్యాహ్నానికి ఆర్డర్లు వచ్చాయి. నా ఉద్యోగం నిలిచింది. ఆయనకు మాత్రం ఓనర్ మళ్ళీ పని ఇవ్వలేదు. దాని గురించి సార్ నాతో ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఎంత మంచి మనిషి.

పోయినవాళ్ళ ఖాతా తీసేయడం నా పనే. సర్వర్ పెట్టినప్పటి సార్ ఖాతా ఇంకా అలాగే ఉంది, నిన్న తీసేద్దామని కూర్చున్నాను. ఖాతా తీసేస్తే ఆ సర్వర్లో ఆయన రాసిపెట్టిన ఫైళ్ళ పక్కన పేరు పోయి ఉత్త అంకె మిగులుతుంది. నా కోసం తప్పు పక్కన తన పేరు పెట్టుకున్న మనిషి. చెయ్యి రాలేదు. ఇంకెవరూ ఆ ఖాతాతో లోపలికి రాకుండా తాళం వేసి, పేరు ఉండనిచ్చాను. బయట లారీలకు కాయ ఎక్కిస్తున్నారు. తెర మీద పైనుంచి కిందికి, ఫైలు తర్వాత ఫైలు, ఆయన పేరే.