లారీకి చెప్పిన బోటు నంబరు

మా వీధికి చేపలు తెచ్చే అప్ప సముద్రానికి బెదరని మనిషే గానీ, లారీ హారన్ వినపడితే గంపతో సహా గోడకు అతుక్కుపోయేది. హార్బరు రోడ్డులో ఆమె మొగుణ్ణి ఓ లారీ గుద్ది చంపి, ఆగకుండా పోయింది. బండి నంబరు లేకపోతే పరిహారం పైసా రాదని ఎవరో అంటే, చదువురాని ఆమె తనకు నోటికొచ్చిన ఒకే ఒక్క నంబరు, మొగుడు వేటకెళ్లే మరబోటుది, పోలీసులకు చెప్పేసింది. ఆ నంబరు లారీ ఎక్కడ దొరుకుతుంది?

కొన్నాళ్లకు, గుద్దిన బండి ఏదో తెలియకపోయినా సర్కారు పరిహారం ఇస్తుందని కొత్త చట్టం వచ్చింది. నేను ఆ మాట చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది.

"నంబరు సెప్పేసినాను కదమ్మా! ఇప్పుడు తెల్దంటే జైల్లో ఎట్టెత్తారేటో. పిల్లలేటైపోతారు?"

"బయపడకప్పా, నానూ వత్తాను," అన్నాను.

పరిహారం ఇచ్చే ఆఫీసులో గుమాస్తా పోలీసు కాగితం చూశాడు. "ఇది బండి తెలియనివాళ్లకమ్మా. ఈ నంబరు లారీదేనా?"

ఆమె నా వెనక నుంచి ముందుకు వచ్చింది.

"కాదు బాబూ, మా బోటుది. లారీని నాను సూడనేదు."

అనేసి, సంకెళ్లు వేస్తారనుకుందేమో, రెండు చేతులూ ముందుకు చాపింది. గుమాస్తా ఆ చేతుల్లోంచి ఒక బొటనవేలు పట్టుకుని, దరఖాస్తు మీద వేలిముద్రకని సిరా అద్దాడు.