పరామర్శకొచ్చిన ఆడిబిడ్డ

ఆర్మూర్ బస్టాండ్ ఎనుక ఇల్లు కట్టుకోవద్దు. కట్టుకున్నా మంచాన పడొద్దు. ముత్తెన్న రెండు తప్పులూ చేసిండు. రెండేండ్ల కింద పసుపు ఉడకబెట్టేకాడ పక్షవాతమొచ్చి కుడిపక్క పడిపోయింది. గప్పటి సంది సిరికొండ బస్సు, భీమ్‌గల్ బస్సు దొరకని ప్రతి చుట్టానికీ ఆయన మీద ప్రేమా పావురం పుట్టుకొచ్చింది. బస్సొచ్చేదాక పరామర్శ!

ఊకె రారు, అరటిపండ్లు తెస్తరు. షుగరున్నోనికి అరటిపండ్లు! మంచం పక్కన కూసొని, "అయ్యో, ఎట్లుండెటోడు ఎట్లయిండు" అని కండ్లొత్తుకొని, చాయ్ తాగి, ఆయన పెండ్లాం యమునకు బుద్ధులు చెప్పి పోతరు. చెప్పెటోనికి ఇనెటోడు లోకువనే గదా.

ఆయనను లేపేది, కడిగేది, తినిపించేది యముననే. లేపీ లేపీ ఆమె పొత్తికడుపుల నిమ్మకాయంత ఉబ్బు లేచింది. హెర్నియా అన్నడు డాక్టర్. స్కానింగుకు రెండుసార్లు తారీఖిచ్చిండు. రెండుసార్లూ చుట్టాలు దిగిండ్రు, చాయ్‌లు పెట్టంగనే పొద్దుగూకింది. "ఈసారి రాకపోతే పేగు ఇరుక్కుంటదమ్మా, పానం మీదికొస్తది" అని డాక్టర్ గట్టిగనే చెప్పిండు.

మూడోసారి ఇచ్చిన తారీఖు రానే వచ్చింది. ముత్తెన్నను చూసుకుంటనన్న పక్కింటి నందిని జ్వరమొచ్చి పండింది. యమున చీర కట్టుకొని గడపల నిలబడి ఏడుపు ఆపుకుంటుంటే, భీమ్‌గల్ నుంచి ఆడిబిడ్డ భీమవ్వ దిగింది. చేతిల ఏముంటయి? అరటిపండ్లే!

"అయ్యో తమ్మీ, ఎంత చిక్కినవ్‌రా! ఏం పిల్లా, వీనికి పెడుతున్నవా లేదా?"

యమునకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వే పెట్టు వదినే. పన్నెండింటికి గోలీలు, ఒంటిగంటకు జావ. రెండు గంటలకోపారి పక్కకు తిప్పాలె. డైపర్లు గాడున్నయి. నేను దవాఖానకు పోతున్న."

"గదేందే? నాకు రెండింటికి బస్సున్నది!"

అప్పటికే యమున ఆటో ఎక్కింది.

పొద్దుగూకంగ వచ్చి చూస్తే, భీమవ్వ కొప్పు ఊడి, చీర నిండా జావతోని, నడుం పట్టుకొని నేల మీద కూలబడి ఉన్నది. తిప్పబోయి తమ్మునితోపాటు తనూ మంచంల పడ్డదట. ముత్తెన్నేమో వంకరమూతితోని ఒకటే నవ్వుడు. ఇగ తిట్లు షురువైతయనుకున్నది యమున.

"ఏమన్నడు డాక్టర్?" అనడిగింది భీమవ్వ.

"ఆయనకు గోలీలు గవే వాడుమన్నడు."

"వాని సంగతి గాదే. నీకేమన్నడు?"

యమున చేతిసంచి కింద పడేసి, నిలబడ్డకాన్నే వెక్కి వెక్కి ఏడ్చింది. రెండేండ్లల్ల ఒక్కరన్న గా మాట అడిగిన పాపాన పోలేదు.

"ఆపరేషనట వదినే. మూడు నెల్లు బరువెత్తద్దట. ఈయన్ను ఎవలు లేపాలె? చేయించుకోను, పోనీ."

భీమవ్వ లేసి, కొప్పు ముడుచుకొని, ఫోన్ తీసి మొగనికి చేసింది. "నేను పదిహేను దినాలు రాను. ఏం తింటవా? వండుకొని తిను, చేతులున్నయి గదా!" అని పెట్టేసింది. మళ్ల సిరికొండల ఉన్న చిన్నమ్మకు కలిపింది.

"చిన్నమ్మా, నా తర్వాత వంతు నీదే. తమ్మున్ని చూడ రా. పదిహేను దినాలకు సరిపోను బట్టలు తెచ్చుకో."