కుయ్యిమనే కంప్యూటర్, రాజేశ్వరమ్మ వేళ్లు

1986 వేసవి. చిత్తూరు శివార్లలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి కాయల లారీలు గేటు దాటి రోడ్డు దాకా బారులు తీరిన రోజులు. తిరుపతిలో ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్న నన్ను అక్కడికి పిలిపించారు. ప్రోగ్రామ్ మాది కాదు, మద్రాసులో కొన్నది. పిలిచింది దాన్ని బాగుచేయడానికీ కాదు.

"మిషను బాగానే ఉండాది సార్. టైపిస్టు రాజేశ్వరమ్మకే రాదు. ఆయమ్మను మాన్పించాలనుకుంటా ఉండాం. మీరు ఒకసారి సూసి, అదే మాట రాసిచ్చి పొండి" అన్నాడు మేనేజరు. చూడకుండా రాసివ్వడం నాకు చేతకాదు. వెళ్లి ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాను.

ఆమె పని డేటా ఎంట్రీ. గుజ్జు డబ్బాల లాట్ నంబరు, బరువు తెరమీది గడుల్లో కొట్టాలి. ఆ గడుల్ని ఫీల్డులంటాం. అంకెల ఫీల్డులో అక్షరం పడితే కంప్యూటర్ కుయ్యిమంటుంది.

"నేను సరిగ్గానే కొడతా ఉండాను సార్. ఒక వరసకు ఊరుకుంటాది, ఇంకో వరసకు అరుస్తాది. అందరూ నా తట్టే సూస్తారు. నాకే సేతగాదేమో అనిపిస్తా ఉండాది" అంది. ఆఫీసులో అందరికంటే వేగంగా టైపు చేసే మనిషి అన్న మాట అది.

కొట్టమన్నాను. కొన్ని వరసలు సాఫీగా పోయాయి. తర్వాత కుయ్యిమంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

తెర మీద తప్పేమీ కనబడలేదు. ఈసారి తెర వదిలేసి ఆమె వేళ్లు చూశాను.

"ఒకటి ఏ కీ మీద కొడతారమ్మా?"

"చిన్న ఎల్ మీదే కదా సార్. టైపు మిషన్లో ఒకటికి వేరే కీ యాడుండాది? ఇన్‌స్టిట్యూట్‌లో అట్లే నేర్పించినారు."

అదీ సంగతి! ఆ పచ్చ తెరమీద చిన్న ఎల్, ఒకటి రెండూ ఒకేలా ఉండే నిలువు గీతలు. ఒకటి లేని నంబరైతే కంప్యూటర్ ఊరుకుంటుంది, ఉంటే అరుస్తుంది.

"అంతేనా! పైన ఒకటి కీ ఉండాది కదా, అది కొట్టమని సెప్పండి, అయిపాయె" అన్నాడు మేనేజరు.

"సీజన్ మధ్యలో ఆమె వేళ్లకు కొత్త అలవాటు నేర్పడం కంటే ప్రోగ్రామ్ మార్చడమే సులువు సార్. అంకెల గడిలో ఎల్ పడితే దానికి ఒకటి తప్ప వేరే అర్థమే లేదు" అన్నాను.

ప్రోగ్రామ్ సోర్స్, అంటే మనం చదివి మార్చగలిగే మూలం, ఫ్లాపీలో ఉంది. ఆ పూటే ఎల్‌ని ఒకటిగా తీసుకునేలా మార్చేశాను. పనిలో పనిగా ఆ కూతా పీకేశాను. పొరపాటు జరిగితే తెర అడుగున ఒక మాట కనిపిస్తుంది, కొట్టేవాళ్లకు మాత్రమే. తప్పు దిద్దుకోవడానికి ఊరంతా వినాల్సిన పనిలేదు.

రాజేశ్వరమ్మ మళ్లీ కూర్చుంది. మేనేజరు వెనకే నిలబడ్డాడు. సాయంత్రానికి బల్లమీది కాగితాలన్నీ అయిపోయాయి. "ఇంకేమన్నా ఉండాదా సార్?" అని ఆయన్నే అడిగింది. ఆయన రాసిమ్మన్న రిపోర్టులో నేను తప్పు ప్రోగ్రామ్‌దేనని రాశాను, ఆమె పని వేగం కూడా రాశాను. ఆమె ఉద్యోగం నిలబడింది.

అప్పటి నుంచి ఏ తెర తయారుచేయాలన్నా ముందు ఆ పని జరిగే చోటికి వెళ్లి, వాడబోయే మనిషి చేతులు చూస్తాను. "మావాళ్లకు కంప్యూటర్ రాదండీ" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మీ కంప్యూటర్‌కే మీవాళ్ల పని రాదు, ముందు దానికి నేర్పుదాం పదండి అంటాను.