పటంలో తిన్నగా ఉన్న గోడ

చీపురుపల్లి దగ్గర నేను పనిచేసి పదవీ విరమణ పొందిన బడిలో ఒకటో తరగతి గదికి మరమ్మతు తలపెట్టారు. ముందుగా గది పటం గీయడానికి, ఆర్కిటెక్చర్ డిప్లొమా చదువుతున్న నా పూర్వ విద్యార్థిని శ్రావణిని సెలవురోజని హెడ్మాస్టరు ఈ ఉదయం పిలిపించారు. నేనూ తోడు వెళ్లాను. ఆమె ఫోనుతో అన్ని వైపులా ఫొటోలు తీసింది. కాసేపటికే కృత్రిమ మేధ ముచ్చటైన పటాలు గీసి ఇచ్చింది. అడుగున "కొలిచినవారు" అన్నచోట శ్రావణి పేరుంది.

"ఎప్పుడు కొలిచావమ్మా?" అని అడిగాను.

"కొలతలు ఏఐయే ఏసేస్తాది మాస్టారూ. మా కాలేజీలో అందరం అలాగే సేస్తన్నాం."

పడమటి గోడ బయటికి ఒరిగిందని నాకు ముందే తెలుసు. పటంలో మాత్రం అది తిన్నగా నిలబడి ఉంది. దారానికి రాయి కట్టి గోడ పైనుంచి బయటివైపు వేలాడదీశాం. అడుగున గోడకూ దారానికీ మధ్య శ్రావణి అరచేయి పూర్తిగా పట్టింది. ఆమె ఫోనులో పటం మళ్లీ తెరిచి చూసింది.

"అదే సరిసేసి గీసేసినాది మాస్టారూ. నేను గోడ కేసి సూడనేదు."

వెంటనే వెళ్లి, ఆ గదిలో పిల్లలను కూర్చోబెట్టవద్దని హెడ్మాస్టరును కోరాను. ఆయన పటం నా ముందుకు జరిపారు.

"కంప్యూటరు తిన్నగా ఉన్నాదంటే, మీరు వంకరంటారేటి మాస్టారూ?"

రేపు బడి తెరిచే వేళకు ఆ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోబోతున్నాను. ఛాదస్తమంటారా, అనండి. అనేముందు ఒక్కమాట చెప్పండి: మీ పిల్లను ఆ గోడ పక్కన కూర్చోబెడతారా?