చేతులతో చెప్పిన సాక్ష్యం

మట్టెవాడలో మా చర్చికి నాలుగిళ్ల అవతల నాకు చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. వారమంతా జాకెట్లు కుడతాను. ఆదివారం పొద్దున్నే వెళ్లి చాపలు పరిచి, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పి, ఆరాధనలో స్త్రీల వైపు కూర్చుంటాను. పెళ్లయి ఈ వీధికి వచ్చిన నాటి నుంచి నా జీవితం ఇదే. ఇందులో గొప్పగా చెప్పుకోవడానికి ఏముంది అంటే, ఒకటి మాత్రం ఉంది.

కొన్నేళ్ల కిందట కేసముద్రం దగ్గరి ఊరి నుంచి మా సంఘంలోని ఒకరింటికి కోడలు వచ్చింది. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. భర్తకూ అంతే. ఇద్దరూ బధిరుల బడిలో చదువుకున్నారు. అతనికి ఆదివారాలు కూడా డ్యూటీ ఉండేది. ఆమె మాత్రం ఒక్క వారం తప్పకుండా అత్తతో వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని కూర్చునేది. అందరూ లేస్తే లేచేది, అందరూ తల వంచితే వంచేది.

ఒకరోజు అత్తాకోడళ్లు జాకెట్టు కుట్టించుకోవడానికి దుకాణానికి వచ్చారు. మెడ ఎలా ఉండాలో చెప్పమంటే, ఆ అమ్మాయి నా చేతిలోని సుద్దముక్క తీసుకుని కటింగ్ బల్ల మీద బొమ్మ గీసి, పక్కనే కొలత రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"చదువుకున్నదా?" అన్నాను.

"పది పాసయ్యింది. నీకన్న నాకన్న మంచిగ రాస్తది," అంది అత్త గర్వంగా.

నేనూ సుద్దముక్క అందుకుని రాశాను. "ఆదివారం చర్చిలో నీకు ఏం అర్థమవుతుంది?"

ఆమె కింద రాసింది. "ఏమీ లేదు. ఫ్యాన్లు చూస్తూ కూర్చుంటాను."

రాసి తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "మరి ఎందుకు వస్తావు?" అని రాశాను.

"దేవుడికి నా భాష వచ్చు. మీకే రాదు."

అత్త చదివి నాలుక కరుచుకుంది. నేను మాత్రం ఆ అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి, "నేర్పుతావా?" అని రాశాను.

అలా మొదలైంది. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆమె వచ్చేది. ముక్కుపుడక చోట వేలు పెడితే అమ్మ. మీసం మెలేస్తే తండ్రి. ఒక చేతి నడిమి వేలితో రెండో అరచేతి మధ్యన తాకి, మళ్లీ ఆ చేతి వేలితో మొదటి అరచేతిలోనూ అలాగే తాకితే యేసు, మేకులు దిగిన చోటు. అది చూసి నేనూ అలాగే చేశాను. ఎన్నేళ్లుగానో నోటితో పలుకుతున్న పేరు అరచేతుల్లో తగిలింది.

కొంత చేయి తిరిగాక, ఆరాధనలో వాక్యాన్ని ఆమెకు చేతులతో చెప్పనా అని మా పాస్టరు అయ్యగారిని అడిగాను. ఆయన వాక్యం చెప్పడం మొదలుపెడితే రైలే.

"మంచిదేనమ్మా. కానీ నేను జర స్పీడు మాట్లాడుత. అందుకుంటవా?"

"అందకపోతే చెయ్యెత్తుత అయ్యగారూ. జర ఆగుండ్రి."

మొదటి ఆదివారం పుల్పిట్ పక్కన నిలబడ్డాను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో 'తండ్రి' దగ్గర మీసం మెలేశాను. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద, ఎనభై దగ్గరపడిన ముసలాయన, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"ఏంది బిడ్డా, దేవునికి మీసాలు పెడుతున్నవు?"

"తండ్రి అంటే వాళ్ల భాషల అట్లనే పెదనాయినా."

"మరి జర బాగ మెలెయ్యి. ఆయనేమన్న చిన్న తండ్రా?" అని వెళ్లిపోయాడు.

ఆయన మనసు అంత మంచిది. ప్రతి ఆదివారం చివర ఆ అమ్మాయిని ముందుకు పిలిచి, రెండు చెవుల మీద చేతులు ఆనించి, చెవులు తెరవమని దేవుణ్ణి గట్టిగా వేడుకునేవాడు. మేమందరం ఆమెన్ అనేవాళ్లం. ప్రార్థన కూటాలకు వచ్చే బోధకులూ అదే పని చేసేవారు. ఆమె కళ్లు మూసుకుని నిలబడేది.

మా చర్చిలో సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. రోగం తగ్గిందనో, కొడుక్కు కొలువొచ్చిందనో లేచి చెబుతారు. ఒక ఆదివారం ఆ అమ్మాయి చెయ్యెత్తింది. అయ్యగారు నా వైపు చూశారు. అప్పటిదాకా నేను మాటను చేతుల్లోకి మార్చానుగానీ, చేతుల్ని మాటల్లోకి మార్చింది లేదు.

ఆమె ముందుకొచ్చి నిలబడింది. చేతులు కదిలాయి. నేను పలికాను.

"చిన్నప్పటి నుంచి అందరూ నా చెవుల కోసమే ప్రార్థన చేస్తున్నారు. ప్రతిసారీ వినపడిందా అని నా మొహం చూస్తారు. వినపడలేదంటే నాకు విశ్వాసం తక్కువని అనుకుంటారు."

అక్కడ నేను ఆగాను. తర్వాతి మాట ఆమె చేతుల్లో కనిపిస్తూనే ఉంది. ముసలాయన ముందు వరసలోనే కూర్చున్నాడు. కాస్త మెత్తగా చెబుదామా అనిపించింది. కానీ ఆమె నా పెదవులనే చూస్తోంది. ఇది ఆమె సాక్ష్యం, నాది కాదు.

"నా చెవుల కోసం ఇక ప్రార్థన చెయ్యకండి. దేవుడు నన్ను ఇలాగే చేశాడు, ఇలాగే ప్రేమించాడు. నాతో మాట్లాడటం నేర్చుకోండి. నాకు అది చాలు."

ఎవరూ ఆమెన్ అనలేదు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన కర్ర ఊతంతో లేచి నెమ్మదిగా ముందుకొచ్చాడు. కోప్పడతాడేమో అనుకున్నాను.

"నన్ను మాఫ్ జెయ్యి బిడ్డా అని ఎట్ల జెప్పాలె?" అని నన్ను అడిగాడు.

"ఎవరి చెవి వాళ్లు పట్టుకోవాలె పెదనాయినా."

ఆయన కర్ర నాకిచ్చి, సంఘమంతా చూస్తుండగా తన చెవి తాను పట్టుకున్నాడు. ఆ అమ్మాయి గబుక్కున ఆయన చేతిని కిందికి దించి, రెండు చేతులూ జోడించి వందనాలు పెట్టింది. ఆయనా పెట్టాడు. ఆ ఒక్క మాట వాళ్లిద్దరికీ ముందే వచ్చు.

ఆ తర్వాతి వారం నుంచి ఆరాధన అయ్యాక ఆమె మాకు పాఠం చెప్పింది. ముందు స్త్రీల సమాజం కూర్చుంది, తర్వాత యూత్ కూర్చున్నారు, తర్వాత అయ్యగారే వచ్చి వెనక కూర్చున్నారు. ఆయన వాక్యం కూడా నిదానమైంది, మాకందరికీ మరింత అర్థమైంది. ఆమె భర్త డ్యూటీ మార్చుకుని వచ్చాడు. వాళ్ల బడి స్నేహితులు హన్మకొండ నుంచి, ఊళ్ల నుంచి ఆటోల్లో, బస్సుల్లో రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు ముందు వరస వాళ్లదే.

మొన్న ఈస్టర్‌కు మా పట్నంలోని సంఘాలన్నీ తెల్లవారుజామున ఒక మైదానంలో కూడాయి. ప్రభువు నేర్పిన ప్రార్థన చేయించే వంతు మా సంఘానికి ఇచ్చారు. మేమంతా లేచి నిలబడ్డాం, ఆమె మాకు ఎదురుగా నిలబడింది. ఒక్క గొంతూ లేవలేదు. ముసలివాళ్లు, పిల్లలు, అయ్యగారు, అందరి చేతులూ ఒక్కసారే లేచాయి. 'తండ్రి' దగ్గర అందరం మీసాలు మెలేశాం. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కూర్చున్నాక పక్క సంఘం ఆమె నా మోచెయ్యి తట్టి, "ఎవలక్కా ఆమె? మీకు ప్రార్థన చేపిచ్చింది?" అని అడిగింది.

"మా సంఘం బిడ్డ," అన్నాను. రెండు వరసల అవతలికి వినపడేలాగే అన్నాను.