తోమేసిన విమానం రేకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ప్రత్తిపాడులో అందరికీ తెలుసు. మిరపచేల మధ్య పుట్టావు, ఇంకెలా ఉంటావని మా అమ్మ దెప్పుతుంది. అయినా ఆ రోజు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు.

చీరాల తీరానికి ఎదురుగా, సముద్రం అడుగున రెండో ప్రపంచయుద్ధం నాటి చిన్న విమానం ఒకటి బురదలో కూరుకుపోయి ఉంది. నీళ్లలో మునిగి, దాన్ని కదపకుండా కొలిచి, పటం గీయడం పురావస్తు శాఖలో మా పని. నీళ్లన్నీ కలక. చెయ్యి చాచితే వేళ్లు కనపడవు. రెక్క అంచు తడుముకుంటూ టేపు పట్టేదాన్ని. నడిపినవాడి ఎముకలు ఇంకా లోపలే ఉండొచ్చు కనుక, పిలవకుండా ఎవరింట్లోకో వెళ్లినట్టు మొహమాటంగా ఉండేది.

ఒక పొద్దున జాలర్ల వలకు చిక్కి తోక రేకు ఒకటి పైకి వచ్చింది. గుల్లలు పట్టిన ఆ రేకు మీద రంగుతో వేసిన రెండు అంకెలు కనిపించాయి. మిగతావి గుల్లల కింద ఉన్నాయి. ఆ నంబరు పూర్తిగా చదవగలిగితే అది ఏ విమానమో, అందులో పోయినవాడెవరో కనుక్కోవచ్చు. ఎక్కడో ఉన్న అతని వాళ్లకు కబురు చెప్పొచ్చు. గాలికి ఆరితే రంగు పెచ్చులూడిపోతుందని రేకును ఉప్పునీళ్ల తొట్టిలో ముంచి, ఎవరినీ తాకనివ్వొద్దని మా ఆఫీసరుగారికి మరీ మరీ చెప్పి, మళ్లీ పడవెక్కాను.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఒడ్డున షామియానా వేసి ఉంది. జిల్లా నుంచి ఎవరో పెద్దమనిషి చూడ్డానికి వస్తున్నాడట. బల్ల మీద రేకు తళతళలాడుతోంది. పండక్కి ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, ఇసుక వేసి తోమించారు. బొట్లు పెట్టి, దండ కూడా వేశారు. అంకె అన్నది లేదు.

"ఏం చేశారండీ ఇది?" అని అరిచాను.

"గట్టిగా అరవకమ్మా. కంపు కొడతంటే తోమించా. చూడు, ఎట్టా మెరుస్తందో!" అన్నాడు ఆఫీసరు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నవ్వి ఊరుకునే వ్యవహారం కాదిది. రాతి శాసనాల మీద సున్నం కొట్టే బుద్ధి మనది. పాతదంటే మనకు మురికే. ఒళ్లు మండిపోయింది. గుల్లలు మెల్లగా తీయడానికి తెచ్చుకున్న సన్న బ్రష్షును ఇసుకలోకి విసిరికొట్టాను. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోలేదు.

పెద్దమనిషి వచ్చాడు. ఫొటోలయ్యాయి. దండ సర్దుతూ, పాపం మర్యాదగానే అడిగాడు: "ఇందులో చనిపోయిందెవరమ్మా?"

ఆఫీసరు కళ్లతోనే నన్ను బతిమాలాడు.

"పొద్దున దాకా ఆనవాలు ఉందండీ," అన్నాను. "ఇందాకే తోమేశారు."